గుండిగ చెప్పిన సాక్ష్యం

అర్రోయో సెకో, చియాపాస్
1988 జూన్ 12, ఆదివారం

తమ్ముడు అబ్దియాస్‌కు,

గత ఆదివారం, జూన్ 5న, ఉదయం పదకొండు గంటల పది నిమిషాలకు సంఘం నన్ను మూడు నెలలపాటు వెనక బెంచీకి పంపింది. బస్సు డ్రైవర్ల నోటి మీదుగా ఈ వార్త నీకు చేరేలోపు నా చేతిరాతలో చేరాలని రాస్తున్నాను.

శిక్ష సంగతి నీకు కొత్త కాదు. పాడకూడదు, సాక్ష్యం చెప్పకూడదు, ప్రార్థన నడిపించకూడదు, ప్రభువు బల్లలో చేయి వేయకూడదు. ఇరవై రెండేళ్లుగా నేను రాస్తున్న మినిట్స్ పుస్తకం కూడా తీసుకున్నారు. నా శిక్షను మాత్రం నా చేతే రాయించి తీసుకున్నారు. మిగతా పెద్దల చేతిరాత ఎవరూ చదవలేరు.

కారణం కాగితం మీద పెట్టను. ఈ కవరును తన బస్సులో పిచుకాల్కో దాకా మోసుకెళ్లేది సిస్టర్ కసిమీరా అల్లుడు. కవరుకు అంటించిన జిగురు వాడికి ఎప్పుడూ అడ్డు కాలేదు. శనివారం, నా వంటింట్లో, మూత తీసి ఉండగా జరిగిందని మాత్రం చెబుతాను. అరవై ఒకటో ఏట నాలో అలాంటిది ఇంకా మిగిలి ఉందని నేను అనుకోలేదు. పదకొండు మంది ఆడవాళ్లు చూశారు.

వెనక బెంచీలో నా పక్కన క్షవరం దుకాణం దోన్ వెన్సెస్ కూర్చుంటాడు. జాతరలో మరింబా వాయించినందుకు ఆయనకిది మూడో విడత. అక్కడికి ఫ్యాను గాలి రాదు. తన టోపీతో ఇద్దరికీ గాలి తగిలేలా విసిరాడు. పిప్పరమెంటు బిళ్ల కొరికి సగం నా చేతిలో పెట్టాడు. తీసుకున్నాను.

కొత్త పాస్టరు ఎలియుగారికి ఇరవై ఆరేళ్లు. బైబిలు కళాశాల నుంచి నల్లబల్లతో సహా వచ్చారు. పరిశుద్ధతను మెట్లుగా గీసి చూపిస్తారు. కింద మెట్టు మారుమనస్సు, పైమెట్టు సంపూర్ణ పరిశుద్ధత. మే నెలంతా పైమెట్టు పక్కన నా పేరు ఉంది. ఇప్పుడు అక్కడ సుద్ద మరక ఉంది.

మరదలు లూసీలాకు వందనాలు చెప్పు.

ప్రభువునందు, చివరి వరుస నుంచి,
నీ అక్క ఒతీలియా


ఫ్రోంతేరా, తబాస్కో
జూన్ 21

అక్కా,

నీ ఉత్తరం లూసీలాకు చదివి వినిపించాను. ఆమె చేపకు పొలుసు తీస్తోంది. కత్తి కింద పెట్టి, "మళ్లీ చదువు, మూత దగ్గర్నుంచి" అంది.

మేమేమీ అడగం. నువ్వు పెళ్లి చేసుకోని మనిషివి, ఆయన భార్య పోయిన మనిషి. పిప్పరమెంటు బిళ్ల సగం కొరికి ఇచ్చాడంటే ఇంక చెప్పేదేముంది అంటోంది లూసీలా. దోన్ వెన్సెస్ మంచివాడు. నా మొదటి గడ్డం ఆయనే గీశాడు, తెగింది ఒక్కచోటే.

పెద్దలకు ఎవరు మోశారో నేను అడగక్కర్లేదు. 1969 జాతరలో నేను నా సొంత పెళ్లాంతో మూడు పాటలకు డాన్సు చేశానని వెళ్లి చెప్పిన నోరే ఇదీ చెప్పి ఉంటుంది. నీ పక్కింటి కసిమీరా. పందొమ్మిదేళ్లయినా ఆ కళ్లకు చత్వారం రాలేదు. నా లాంచీకి ఆవిడ పేరు ఊరికే పెట్టలేదు నేను. అరుపు ఎక్కువ, పొగ ఎక్కువ, నాలుగు తగిలిస్తే గాని కదలదు. నది దాటే జనానికి కూడా అలవాటైపోయింది. "కసిమీరాకి ఇవాళ కోపం తగ్గిందా?" అని అడిగి మరీ ఎక్కుతారు.

ఒక పని చేశాను, తిట్టకు. మీ పాస్టరుగారికి నేరుగా ఉత్తరం రాశాను. మా అక్క ఈ వయసులో ఒక మగతోడు కోరుకుంటే అందులో పాపం లేదని, వంటింట్లో జరిగినదానికి పెళ్లే పరిష్కారమని, వెనక బెంచీ కాదని గట్టిగా రాశాను. కవరు వేరే బస్సులో పంపాను.

నీ వైపు ఎవరో ఒకరు మాట్లాడాలి కదా. ఆ రోజు నా వైపు ఎవరూ మాట్లాడలేదు.

తమ్ముడు


అర్రోయో సెకో
జూలై 3

అబ్దియాస్,

నీ ఉత్తరం పాస్టరుగారికి జూన్ 29 బుధవారం అందింది. అదే సాయంత్రం ఐదింటికి నలుగురు పెద్దలు కూర్చున్నారు. నా శిక్షను ఆరు నెలలు చేశారు. ఇప్పుడు డిసెంబరు 4న తీరుతుంది. దోన్ వెన్సెస్‌కు కూడా అదే తేదీ వేశారు. ఎందుకో ఆయనకు పెద్దలు చెప్పలేదు, నేను చెప్పాను.

శుక్రవారం ఆయన గడ్డం గీసుకుని, పెళ్లినాటి కోటు తొడుక్కుని నా గుమ్మంలో నిలబడ్డాడు. "సిస్టర్, శిక్ష ఎలాగూ పడిపోయింది. పెళ్లి చేసుకుంటే మీకేమైనా మేలవుతుందనుకుంటే నాకు అభ్యంతరం లేదు" అన్నాడు. "వద్దు బ్రదర్" అన్నాను. "హమ్మయ్య" అని కుర్చీ లాక్కుని కాఫీ అడిగాడు.

ఇక దాచి లాభం లేదు. డ్రైవరు చదివితే చదవనీ. జరిగింది ఇది.

మే 19 గురువారం సాక్ష్యాల కూటంలో నేను లేచి, పదకొండేళ్లుగా నాకు కోపం రాలేదని, ప్రభువు దాన్ని వేరుతో పీకేశాడని చెప్పాను. అందరూ ఆమెన్ అన్నారు. పాస్టరుగారు బల్ల మీద నా పేరు రాశారు.

జూన్ 5న సంఘం వార్షికోత్సవం. భోజనానికి నూట ఇరవై తమాలెలు చేసే పని నాది. శనివారం ఉదయం ఆరింటికి మొక్కజొన్న పిండిలో కోడిమాంసం పెట్టి, అరటాకుల్లో చుట్టి, గుండిగలో పేర్చి పొయ్యి మీద పెట్టాను. తొమ్మిదింటికి ఉడకాలి. తొమ్మిదింటికి మూత తీస్తే పిండి తెల్లగా ఉంది. పదకొండింటికీ తెల్లగానే ఉంది. మనవాళ్లు ఏమంటారో నీకు తెలుసు. వంటింట్లో కోపం ఉన్న మనిషి ఉంటే తమాలెలు ఉడకవు. పాస్టరుగారు దాన్ని మూఢనమ్మకం అంటారు. ఆయన ఎప్పుడూ తమాలెలు వండలేదు.

కసిమీరా అంది: "ఎవరో ఒకళ్లు గుండిగ చుట్టూ డాన్సు చెయ్యాలే. మా అమ్మ అట్లాగే ఉడికించేది."

"వార్షికోత్సవం వంట దగ్గర డాన్సా? ఎవరు చేస్తారు?" అన్నాను.

"కోపం ఎవరికుందో వాళ్లు. నాకు లేదు. పొద్దుట్నుంచీ పాటలే పాడుతున్నా."

"నాకూ లేదు."

"అయితే గుండిగకే ఉన్నట్టుంది."

అప్పుడే పాస్టరుగారు గుండిగను దీవించడానికి వచ్చారు. కసిమీరా ఆయన వైపు తిరిగి, "పాస్టరుగారూ, మీ బల్ల ఒకటి చెబుతోంది, గుండిగ ఇంకోటి చెబుతోంది. ఏ సాక్ష్యం నమ్మమంటారు?" అంది.

మూత నా చేతిలో ఉంది. తర్వాత లేదు. అది కసిమీరాకు తగల్లేదు. కిటికీలోంచి వెళ్లి పాస్టరుగారి సైకిలుకు తగిలింది. ముందు చక్రంలో ఐదు పుల్లలు విరిగాయి.

కోపానికి మా సంఘంలో ఒక నెల. నాకు మూడు నెలలు పడింది అబద్ధ సాక్ష్యానికి. మిగతా మూడు నీ పుణ్యం.

ఒతీలియా


ఫ్రోంతేరా
జూలై 14

అక్కా,

తప్పయింది. లూసీలా నాతో రెండు రోజులు మాట్లాడలేదు. పెళ్లి ఊహ ఎవరిదో ఆమె మర్చిపోయింది.

సరిదిద్దడానికి నిన్న పాస్టరుగారికి టెలిగ్రాం ఇచ్చాను. తక్కువ మాటల్లో స్పష్టంగా రాశాను: "మగవాడు లేడు. గుండిగ ఒక్కటే. అబ్దియాస్." దీంతో సర్దుకుంటుంది.

తమాలెల సంగతి చెబుతాను. జూన్‌లో మీ దగ్గర వానలు. కట్టెలు తడిసి ఉంటాయి. గుండిగ అడుగున నీళ్లు చాలకపోయి ఉంటాయి. కొలిమి, నీళ్లు, ఆవిరి, అంతే. నేను రోజూ ఇంజనుతో వేగుతున్నవాణ్ణి, నాకు తెలుసు.

ఒక్కటి మాత్రం అర్థం కాలేదు. నువ్వు తొమ్మిదేళ్ల వయసులోనే తాతయ్య లెక్కల్లో తప్పు పట్టినదానివి. నిజం కానిది నీ నోటి నుంచి రాదు. పదకొండేళ్లు కోపం లేదన్నావంటే లేనట్టే. మరి ఆరింటికి పొయ్యి ఎక్కిన పిండి, కసిమీరా ఒక్క మాట అనకముందే, తొమ్మిదింటికి ఎందుకు ఉడకలేదు? నేను కట్టెలే అంటాను. నువ్వేమంటావు?

కసిమీరాకు నా వందనాలు చెప్పొద్దు. పందొమ్మిదేళ్లుగా చెప్పలేదు, ఇప్పుడు మొదలుపెట్టను.

తమ్ముడు


అర్రోయో సెకో
జూలై 31, ఆదివారం

తమ్ముడూ,

టెలిగ్రాం మీద పెద్దలు గంటసేపు చర్చించారు. "గుండిగ" అన్నది ఎవరికైనా పెట్టిన మారుపేరేమో అని ఒకరు అనుమానపడ్డారు. చివరికి నీ మాట నమ్మారు. కానీ కొత్త తీర్మానం ఎవరైనా రాయవచ్చు, రాసినదాన్ని కొట్టేయాలంటే మాత్రం కార్యదర్శే మినిట్స్‌లో రాయాలి. కార్యదర్శిని నేను. శిక్షలో ఉన్నవాళ్లు పుస్తకం ముట్టకూడదు. కాబట్టి డిసెంబరు 4 అలాగే ఉంది.

కట్టెలు పొడిగానే ఉన్నాయి. నీళ్లు సరిపడా ఉన్నాయి. అడిగావు కాబట్టి చెబుతున్నాను.

ముందు బెంచీలో నలభై ఏళ్లు కూర్చున్నాను. అక్కడి నుంచి పాస్టరు, బల్ల, పువ్వులు కనిపిస్తాయి. వెనక నుంచి జనం కనిపిస్తారు. ఎవరు ఎవరి పిల్లను ఒళ్లో పడుకోబెట్టుకున్నారో, ఎవరి చెప్పు తెగితే ఎవరు పిన్నీసు ఇచ్చారో కనిపిస్తుంది. ఈ ఎనిమిది వారాల్లో నేను చూసిన పిన్నీసులు ఎక్కువగా కసిమీరావి.

పోయిన ఆదివారం పిప్పరమెంటు బిళ్ల కింద పడింది. వంగి వెతికితే బెంచీ అడుగున చెక్కిన అక్షరాలు తగిలాయి. నీ పేరు, 1969, దాని కింద ఏడు గీతలు. వారానికి ఒకటి. ఎనిమిదోది లేదు. ఆ వారమే నువ్వు ఊరు విడిచి వెళ్లావు.

జూన్ 4 ఉదయం ఆరింటికి జరిగిన ఒక సంగతి నేను నీకు రాయలేదు. గుండిగ ఎత్తి పొయ్యి మీద పెడుతుంటే కసిమీరా మెల్లగా అడిగింది: "అబ్దియాస్ ఉత్తరం రాశాడా? నన్ను ఇంకా తిడుతున్నాడా? వాడికి నువ్వు ఇంకా చెప్పలేదా, ఒతీలియా?"

1969 మినిట్స్‌లో ఇలా ఉంది: "సహోదరుడు అబ్దియాస్ జాతరలో మూడు పాటలకు డాన్సు చేసినట్లు నమ్మదగిన సాక్షి ద్వారా తెలిసింది." రాసింది నేను. ఆ నమ్మదగిన సాక్షిని కూడా నేనే. మిఠాయి కొట్టు వెనక నిలబడి పాటలు లెక్కపెట్టాను. నీ మంచికే అనుకున్నాను. నువ్వు ఏడు వారాలకే వెళ్లిపోతావని అనుకోలేదు. కసిమీరా చెప్పిందని నువ్వు అనుకుంటే కాదని రాయలేదు. నలభై ఎనిమిది ఉత్తరాల్లో నువ్వు ఆమెను తిట్టావు. నలభై ఎనిమిదింటికీ నేను జవాబు రాశాను.

పదకొండేళ్లుగా కోపం రాలేదన్నది ఒక రకంగా నిజమే. నిన్ను గుర్తు చేసేవాళ్ల మధ్య నుంచి లేచి వెళ్లిపోవడం నేర్చుకున్నాను. ఆ రోజు గుండిగ పట్టుకుని ఉన్నాను కాబట్టి లేచి వెళ్లలేకపోయాను.

జవాబు రాయి.

అక్క


అర్రోయో సెకో
సెప్టెంబరు 11

తమ్ముడూ,

నలభై రెండు రోజులైంది. నీ దగ్గర్నుంచి ఏమీ రాలేదు. డ్రైవరును అడిగాను. "అందింది సిస్టర్, నేనే పిచుకాల్కోలో తబాస్కో బండికి ఎక్కించా" అన్నాడు. బస్సెక్కబోతూ, "చాలా బాగా రాశారు" అన్నాడు. అంటే నీకు చెప్పేశానని కసిమీరాకు కూడా తెలుసు.

ఆగస్టు 28న నేను అనుమతి అడక్కుండా వెనక బెంచీ నుంచి లేచి, 1969 సాక్షిని నేనేనని సంఘానికి చెప్పాను. శిక్షలో ఉండి మాట్లాడినందుకు ఇంకో శిక్ష వేయాలని ఒక పెద్ద అన్నారు. "ఎక్కడికి పంపుదాం?" అని పాస్టరుగారు అడిగారు. మా బెంచీ వెనక ఉన్నది తలుపు. తలుపు అవతల కోళ్లు.

అప్పుడు కసిమీరా ఫ్యాను కింద నుంచి లేచి, సంచీ తీసుకుని, నడవ పొడుగునా నడిచి వచ్చి, "జరుగు" అంది. దోన్ వెన్సెస్ జరిగాడు, నేనూ జరిగాను. "ఆ ఫ్యాను గాలికి మెడ పట్టేసింది" అని కూర్చుంది.

ప్రార్థన అయ్యాక అడిగాను. "నీకెట్లా తెలుసు?"

"నేనూ జాతరకి వెళ్లాగా. మిఠాయి కొనబోతే కొట్టు వెనక నువ్వు వేళ్ల మీద లెక్కపెడుతున్నావు. మీ తమ్ముడు బాగా ఆడాడు. నాకు నచ్చింది, అందుకే ఎవరికీ చెప్పలేదు."

"మరి ఇన్నేళ్లు నీ మీద పడితే ఎందుకు ఊరుకున్నావు?"

"నీ పేరు బయటపెడితే నీ చేతిలోంచి పుస్తకం తీసేస్తారు. మిగతావాళ్ల రాత ఎవరు చదువుతారు?"

ఆమె నా వైపు చూసి, "అయినా ఆ మూత నాకు తగిలుంటే మాత్రం చెప్పేసేదాన్ని" అంది.

పాస్టరుగారు ఆ తర్వాతి ఆదివారం నల్లబల్ల తేలేదు. సుద్ద అయిపోయిందన్నారు. కిటికీ దగ్గర పెట్టె నిండా సుద్ద ఉంది, నేను చూశాను.

తిడుతూనైనా రాయి.

ఒతీలియా


ఫ్రోంతేరా
అక్టోబరు 2

అక్కా,

రాయలేదు, ఎందుకంటే రాయదగిన మాట ఒక్కటీ నోట్లో లేదు. మొదటి వారం ఇంజనును తిట్టాను. రెండో వారం గుర్తొచ్చింది, పదకొండేళ్లుగా నేను పొద్దున్నే లేచి, సంబంధం లేని ఒక ఆడమనిషి పేరు పెట్టి, పదిమంది ముందు ఇనప కడ్డీతో కొడుతున్నానని. ఆ రోజు లాంచీ నడపలేకపోయాను. జనం ఒడ్డున నిలబడి, "కసిమీరాకి ఏమైంది?" అన్నారు. "ఆవిడకేం కాలేదు" అన్నాను.

లూసీలా అంది: "మీ అక్క చెప్పకపోతే నువ్వింకా ఆ కొండల్లోనే పాటలు పాడుకుంటూ ఉండేవాడివి. మనకీ నది ఎక్కడిది, ఇల్లెక్కడిది?" నిజమే. కానీ ఆ నిజం వల్ల కోపం తగ్గలేదు. ఆ జాతరలో నేను డాన్సు చేస్తుంటే చూసినవాళ్లలో నా వైపు ఉన్నది నువ్వొక్కదానివే అనుకున్నాను.

గత శనివారం లాంచీని ఒడ్డుకు లాగి, పాత పేరు గీకేసి కొత్త పేరు రాశాను. ఇప్పుడు దాని పేరు "ఒతీలియా". ఇంజను మాత్రం అదే. ఈ ఉదయం నాలుగు తగిలించాను, ఐదోదానికి కదిలింది. కొంత నయంగా ఉంది.

కసిమీరాగారికి నా వందనాలు చెప్పు. పందొమ్మిదేళ్లవి ఒకేసారి చెప్పు.

నా మీద శిక్ష మూడు నెలలు. ఏడు వారాలు కూర్చున్నాను. మిగిలినవి ఎన్నో పుస్తకంలో చూడు. నేను వస్తే వాటికోసమే వస్తాను, ముందు బెంచీకి కాదు. నీ మీద కోపం పోయిందని రాయను. రాస్తే మీ గుండిగ ఊరుకోదు.

తమ్ముడు


అర్రోయో సెకో
నవంబరు 20, ఆదివారం

తమ్ముడూ,

పుస్తకం నేను ముట్టకూడదు కాబట్టి పాస్టరుగారు పేజీ తిప్పారు, నేను దూరం నుంచి చదివాను. నీకు ఆరు వారాలు మిగిలి ఉన్నాయి. పెద్దలు నీ రాకకు ఒప్పుకున్నారు. తీర్మానం పాస్టరుగారే రాశారు. "ఆరు" అన్నది "అరవై"లా ఉంది. వచ్చాక సరిచేద్దాం.

కసిమీరాకు వందనాలు చెప్పాను. లెక్కపెట్టమంది. పందొమ్మిది దాకా చెప్పాక "చాల్లే" అంది. లాంచీ పేరు మార్చావని చెబితే కొంచెం చిన్నబుచ్చుకుంది. నది మీద తన పేరు తిరుగుతోందని అల్లుడు ఎప్పుడో చెప్పాడట.

కార్యక్రమం ఇది. నువ్వూ లూసీలా డిసెంబరు 2 శుక్రవారం మధ్యాహ్నం రెండున్నర బస్సుకు దిగుతారు. శనివారం ఉదయం ఆరింటికి నూట ఇరవై తమాలెలు పొయ్యి ఎక్కుతాయి. గుండిగకు ఒకవైపు నేను, ఇంకోవైపు నువ్వు పట్టుకోవాలి. తొమ్మిదింటికి చూస్తాం. పిండి తెల్లగా ఉంటే కోపం ఎవరిదని ఎవరూ అడగరు. అప్పుడు చేయాల్సింది ఒక్కటే ఉంది, నీకు అది వచ్చు, నాకు నువ్వే నేర్పాలి. మా పెరడు సంఘం ఆవరణ కిందకు రాదని పాత పత్రాల్లో చూసి పెట్టాను. దోన్ వెన్సెస్ మరింబాను బాగు చేయడానికి మా పెరట్లోకే తెస్తానన్నాడు. మర్నాటితో ఆయన శిక్ష తీరుతుందని గుర్తు చేశాను. "వెనక బెంచీ అలవాటైపోయింది సిస్టర్" అన్నాడు. ఆ రోజు పదకొండింటి దాకా తాను కొండ మీది ఇళ్లకు వెళుతున్నానని, సైకిలు బాగైందని పాస్టరుగారు ఎవరూ అడక్కుండానే రెండుసార్లు చెప్పారు.

ఆదివారం పదింటికి నా శిక్ష తీరుతుంది. ముందుకు పిలిచి సాక్ష్యం చెప్పమంటారు. ఏం చెబుతారని పాస్టరుగారు అడిగారు. శనివారం గుండిగ చూసి చెబుతానన్నాను. చెప్పాక మళ్లీ వెనక్కి వచ్చి కూర్చుంటాను. నీ ఆరు వారాలకు టోపీతో విసిరేవాళ్లు కావాలి.

శనివారం తొమ్మిదింటికి మూత తీసేది నేనే. తీసిన వెంటనే దాన్ని కసిమీరా చేతికి ఇవ్వాలని ముందే మాట్లాడుకున్నాం.

నీ అక్క